ఎర్రజెండా పట్టుకున్న పిల్లను కూర్చోబెట్టింది మేమే

పోస్టు పెద్దది, ఓపికున్నవాళ్ళు చదవండి. మొన్న ఉగాది సభలో నోరు మూసుకుని కూర్చున్నాం. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాం. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక స్టేషను బుక్‌స్టాలులో వారపత్రికలు చూసి నేర్చుకున్నాం. ఒత్తులు, దీర్ఘాలు తప్పుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం సర్దుకోవద్దు, కింద రాయండి.

సభకు రానివాళ్ళ కోసం జరిగింది చెబుతాం. మన సంఘం స్కాలర్‌షిప్పుల సాఫ్ట్‌వేరు పోయినేడు మొదలుపెట్టారు. అయిదుగురు పిల్లలు, అందరూ మనవాళ్ళ పిల్లలే, కాలేజీ చదువులు చదువుకుంటూ, ఒకరిద్దరు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, పైసా తీసుకోకుండా చేశారు. అది సరిగ్గా పనిచెయ్యలేదు. ఎందుకు పనిచెయ్యలేదని సభలో చర్చ. ఒక పెద్దాయన లేచి మైకు పట్టుకుని ఉపన్యాసం ఇచ్చారు. ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదట. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారట, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు 90 గంటలన్నారట, మనవాళ్ళు ఏడు గంటలు కూడా చెయ్యలేదట. జనం చప్పట్లు కొట్టారు. ఆ వేడిలోనే నాలుగు తీర్మానాలు పెట్టారు. వచ్చే ఆదివారం కమిటీలో ఓటు.

ఒకటి, రోజూ రాత్రి పదింటికి పిల్లలందరికీ రివ్యూ కాల్, శనాదివారాలు పూర్తిగా ఈ పనికే. రెండు, పని వెనకబడింది కాబట్టి ఇంకో ఆరుగురిని కలపాలి. మూడు, ఆఖరి నెలలో పిల్లలు కొత్త సందేహాలు లేవనెత్తకూడదు, పెద్దలు చెప్పింది చెప్పినట్టు పూర్తి చెయ్యాలి. నాలుగు, ఎవరి వల్ల ఆలస్యమైతే వాళ్ళ పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ఈ నాలుగింటినీ మేము వ్యతిరేకిస్తున్నాం. నాలుగూ తప్పే. తప్పని తెలిసింది పుస్తకాలు చదివి కాదు. పోయినేడు ఈ తప్పు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం కాబట్టి తెలుసు.

పోయినేడు అసలు ఏం జరిగింది? మనవాళ్ళ పిల్లలు మూడు రాష్ట్రాల్లో పది చదువుతారు. రాయచూరులో, సింధనూరు క్యాంపుల్లో, మాన్విలో చదివినవాళ్ళకు కర్ణాటక ఎస్సెస్సెల్సీ, మొత్తం 625 మార్కులు. ఆదోనిలోనో కర్నూలులోనో అమ్మమ్మ దగ్గర ఉండి చదివినవాళ్ళకు ఆంధ్రా టెన్తు, 600 మార్కులు. మావంటి రైల్వే కుటుంబాల పిల్లలు కొందరు తమిళనాడులో చదువుతారు, అక్కడ 500. సాఫ్ట్‌వేరు ఏం చేసిందంటే, మార్కులు మార్కులుగానే తీసుకుని పెద్దది పైన, చిన్నది కింద పెట్టింది. 625కు 548 తెచ్చుకున్నవాడు పైకెళ్ళాడు. అంటే నూటికి 88 కూడా లేదు. 600కు 540 తెచ్చుకున్నవాడు, నూటికి సరిగ్గా 90, కిందికి పోయాడు. తమిళనాడు పిల్లలకైతే నూటికి నూరొచ్చినా 500 దాటదు.

ఇది జాబితా బయటికి రాకముందే ఒక అమ్మాయి కనిపెట్టింది. అయిదుగురిలో అందరికన్నా చిన్నది, ఇంజినీరింగు రెండో ఏడు. జాబితాకు మూడు రోజుల ముందు గ్రూపులో రాసింది. "అంకుల్, మొత్తం మార్కులు వేరువేరుగా ఉన్నాయి, శాతంలోకి మార్చాలి, రెండు రోజులు టైమివ్వండి" అని. దానికి ఒక పెద్దమనిషి జవాబు రాశారు. "అమ్మా, ఆఖరు నిమిషంలో అడ్డం పడకు. తేదీ ప్రకటించాం. చెప్పిన పని పూర్తి చెయ్యి చాలు."

ఆ జవాబు రాసింది మేమే. గ్రూపులో ఇప్పటికీ ఉంది, పైకి జరిపి చూసుకోవచ్చు. దానికి పదకొండు మంది దండాలు, బొటనవేళ్ళు పెట్టారు. ఆ అమ్మాయి మళ్ళీ నోరెత్తలేదు. ఏ విషయంలోనూ ఎత్తలేదు.

జాబితా వచ్చింది. ఆదోనిలో చదివిన ఒక కుర్రాడు, నాన్న ఇక్కడ రైసు మిల్లులో హమాలీ, ఆరు స్థానాల తేడాతో పోయాడు. నెల తరవాత ఆ తండ్రి రెండు మార్కుల కార్డులు పట్టుకొచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు, ఒకటి కొడుకుది, ఒకటి ఎదురింటి పిల్లాడిది. "అయ్యా, నాకు లెక్కలు రావు, మీరు టికెట్ల లెక్కలు రాసినోరు కదా, ఇది ఎట్లా తక్కువో చెప్పండి" అన్నాడు. అప్పటికే కాలేజీ ఫీజుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

సభలో పెద్దాయన "పిల్లలు గంటలు పెట్టలేదు" అన్నప్పుడు మాకు ఈ తండ్రి గుర్తొచ్చాడు. గంటలు తక్కువై ఆ పని చెడలేదు. మాట విననందుకు చెడింది. రెండు రోజులు ఇవ్వనందుకు చెడింది.

ఇప్పుడు ఒక్కో తీర్మానం సంగతి.

మొదటిది గంటల సంగతి. రైల్వేవాళ్ళకు పని గంటల గురించి ఎవరూ పాఠం చెప్పక్కరలేదు. 1989 రైల్వే చట్టంలో 132వ సెక్షను ఉంది. పనిని బట్టి మనుషుల్ని విడదీసింది. పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడడమే అయినవాళ్ళకు, అంటే రోజుకు నాలుగు బళ్ళు పోయే గేటు దగ్గర కూర్చునే గేట్‌మేన్ లాంటివాళ్ళకు, వారానికి 75 గంటల దాకా. మామూలు ఉద్యోగులకు సగటున 54. ఎడతెరిపి లేకుండా మనసు పెట్టి చెయ్యాల్సిన పనికి, సెక్షను కంట్రోలర్ లాంటివాళ్ళకు, సగటున 45. కంట్రోలర్ కుర్చీలోంచి లేవడు, బరువులెత్తడు. అయినా అతనికే గంటలు తక్కువ పెట్టారు. ఎందుకు? అలసిన బుర్ర ఒక బండిని తప్పు లైనులోకి పంపుతుంది కాబట్టి.

సాఫ్ట్‌వేరు రాసే పిల్లల పని ఇందులో ఏ రకం? గేటు దగ్గర కూర్చునే రకమా, కంట్రోలు కుర్చీ రకమా? 70 గంటలు, 90 గంటలు అనే పెద్దలు రైల్వే చట్టం ప్రకారం ఈ పిల్లల్ని గేటు దగ్గర కూర్చోబెడుతున్నారు. పగలంతా కాలేజీలోనో ఆఫీసులోనో ఉండి, రాత్రి పదింటికి మన రివ్యూలో "ఎంతవరకొచ్చింది" అని అడిగించుకుని, పదకొండింటికి కూర్చుని రాసిన లెక్కలో తప్పుండదని ఎవరు హామీ ఇస్తారు? నైట్ డ్యూటీ ఆఖర్న క్యాషు లెక్కపెట్టిన ఏ బుకింగ్ క్లర్కునైనా అడగండి. తెల్లవారుజామున నాలుగింటికి వంద నోటు అయిదొందల్లా కనిపిస్తుంది. లోటు జేబులోంచి కట్టాలి.

రెండోది, ఇంకో ఆరుగురిని కలపడం. మంత్రాలయంలో ఆరాధన వచ్చిందంటే మంత్రాలయం రోడ్డు స్టేషనులో జనం క్యూ బయటిదాకా ఉంటుంది. అప్పుడు ఇంకో కిటికీ తెరిస్తే పని త్వరగా అవుతుంది. ఎందుకంటే ఒక టికెట్టుకు ఇంకో టికెట్టుతో సంబంధం లేదు. కానీ పాత రోజుల్లో చేత్తో రిజర్వేషన్ చార్టు రాసేవాళ్ళం కదా, ఒక రిజిస్టరు, ఒక బోగీ, 72 బెర్తులు. బండి గంటలో వస్తుందని ఆ రిజిస్టరు మీద నలుగురిని కూర్చోబెడితే ఏమవుతుంది? ఒకే బెర్తు ఇద్దరికి రాస్తారు. రాసినవాడు పని ఆపి కొత్తవాళ్ళకు ఎక్కడిదాకా అయిందో చెప్పాలి. చార్టు ఇంకా ఆలస్యమవుతుంది.

సాఫ్ట్‌వేరు చార్టులాంటిది, టికెట్టు కిటికీలాంటిది కాదు. ఇది మా సొంత పైత్యం అనుకోకండి. ఐబీఎం వాళ్ళ పెద్ద ప్రాజెక్టు ఒకటి నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1975లోనే పుస్తకం రాశాడు, వెనకబడిన సాఫ్ట్‌వేరు పనికి మనుషుల్ని కలిపితే అది ఇంకా వెనకబడుతుందని. యాభై ఏళ్ళయింది. ప్రపంచంలో ప్రతి కంపెనీలో ఈ సంగతి తెలుసు, ప్రతి కంపెనీలో మళ్ళీ మనుషుల్ని కలుపుతూనే ఉంటారు. మనమూ ఆ వరసలో నిలబడాలా?

మనుషుల్ని పెంచకుండా పని పంచాలంటే దారి ఉంది. మన ఊరి చరిత్రే చెబుతుంది. 1871లో బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే, రెండు కంపెనీల పట్టాలు వచ్చి మన రాయచూరులోనే కలిశాయి. ఇంజినీర్లు వేరు, కూలీలు వేరు, పెట్టుబడి వేరు. అయినా కలిశాయి, బొంబాయి నుంచి మద్రాసుకు బండి నడిచింది. ఎందుకంటే అయిదడుగుల ఆరంగుళాల గేజి అని ముందే ఖాయం. అదే గుంతకల్లు చూడండి. అక్కడ బ్రాడ్‌గేజి, మీటరుగేజి రెండూ వచ్చి చేరాయి. గేజి మార్చేదాకా ఏళ్ళ తరబడి ఒక వ్యాగన్లో సరుకు ఇంకో వ్యాగన్లోకి ఎత్తిపోయడమే పని.

మన పిల్లలు గేజి అడిగారు. మార్కులు శాతంలోనా, మామూలుగానా? ఆదాయం సర్టిఫికెట్టు కన్నడంలో ఉంటే చాలా, తెలుగులోది పనికొస్తుందా? ఒక ఇంట్లో ఇద్దరికి ఇవ్వొచ్చా? ఈ ప్రశ్నలు పోయినేడు ఏప్రిల్‌లో గ్రూపులో పెట్టారు. మనం ఒక్కదానికీ తేల్చి చెప్పలేదు. ఒకాయన అవునన్నారు, ఒకాయన కాదన్నారు, మూడో ఆయన గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టారు. గేజి చెప్పకుండా పట్టాలు వెయ్యమన్నాం. కలవలేదని తిడుతున్నాం.

మూడో తీర్మానం అన్నిటికన్నా ప్రమాదం. సందేహాలు లేవనెత్తకూడదట. అయ్యా, రైల్వేలో క్రమశిక్షణ లేదని ఎవరైనా అంటారా? సెల్యూట్లు, గ్రేడ్లు, మెమోలు, చార్జిషీట్లు, అన్నీ చూశాం. అంత క్రమశిక్షణలోనూ ఒక హక్కు ఉంది. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని పట్టా వెంబడి నడిచే కీమేన్ ఉంటాడు. పట్టా విరిగినట్టు కనిపిస్తే ఎర్రజెండా చూపిస్తాడు. వచ్చేది గూడ్సయినా ఆగాలి, రాజధాని అయినా ఆగాలి. డ్రైవరు "నువ్వెంత, నీ గ్రేడెంత, ఆఖరు నిమిషంలో అడ్డం పడకు" అని దాటి పోడు. పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మా అమ్మాయి ఎర్రజెండా చూపించింది. మేము దాటి పోయాం.

దీని మీద పెద్ద చదువులు చదివినవాళ్ళు పరిశోధన చేశారు. హార్వర్డులో ఆమీ ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసరమ్మ ఉన్నారు. (మా పాత అట్ట టికెట్టు కనిపెట్టిన థామస్ ఎడ్మండ్సన్ వేరు, ఆయన ఇంగ్లండు స్టేషను మాస్టరు. పేరు చూసి మాకూ సంతోషమేసింది.) ఆమె ఆసుపత్రుల్లో నర్సుల జట్లను చూశారు. మంచి జట్టు తక్కువ తప్పులు చేస్తుందని అనుకున్నారు. లెక్క తీస్తే మంచి జట్లలోనే తప్పులు ఎక్కువ కనిపించాయి. తరవాత అర్థమైంది, వాళ్ళు ఎక్కువ తప్పులు చెయ్యడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. గూగుల్ కంపెనీ 2012 నుంచి తన దగ్గరున్న 180 జట్లను పరీక్షించింది. దానికి అరిస్టాటిల్ ప్రాజెక్టని పేరు పెట్టారు. జట్టులో ఎంత గొప్పవాళ్ళున్నారన్నదాని కన్నా, వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారన్నదే ముఖ్యమని తేలింది. అందులో మొదటిది, "నాకు తెలియదు", "ఇక్కడ తప్పు జరిగింది" అని భయం లేకుండా అనగలగడం. తరవాత, ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చెయ్యడం, ఎవరి పనేమిటో స్పష్టంగా ఉండడం.

2013లో అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమాకు వెబ్‌సైటు తెరిచింది. కోట్ల డాలర్లు పోశారు. మొదటి రోజు బీమా పూర్తిగా చేయించుకోగలిగింది ఆరుగురు. తరవాత దాన్ని బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు రోజువారీ మీటింగుకు ఒక నియమం పెట్టారు. ఎవరికి విషయం ఎక్కువ తెలుసో వాళ్ళు మాట్లాడాలి, ఎవరి హోదా పెద్దదో వాళ్ళు కాదు. మన కమిటీ మీటింగులో ఈ నియమం పెడితే ఎంతమందిమి నోరు తెరవగలం? మేమైతే తెరవలేం.

నాలుగోది, పేరు గ్రూపులో పెట్టడం. ఇంగ్లండు తపాలా శాఖ కథ వినండి. మాలాంటి కౌంటరు మనుషుల కథ అది. హొరైజన్ అని ఒక సాఫ్ట్‌వేరు 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో పెట్టారు. దాంట్లో తప్పుల వల్ల క్యాషులో లేని లోటు ఉన్నట్టు చూపించేది. చిన్న ఊళ్ళలో పోస్టాఫీసు నడుపుకునేవాళ్ళు "మేము తియ్యలేదు, కంప్యూటరు తప్పు" అని మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. 900 మందికి పైగా దొంగలని ముద్ర వేయించుకుని శిక్షలు పొందారు. కొందరు జైలుకెళ్ళారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ శిక్షల్ని చట్టం చేసి రద్దు చెయ్యడానికి 2024 దాకా పట్టింది. తప్పు చెప్పినవాణ్ణే దొంగని చేస్తే తప్పు ఎక్కడికీ పోదు, లోపలే పెరుగుతుంది. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టడం దీనికి చిన్న తమ్ముడు. పేరు పడుతుందని తెలిసిన పిల్లవాడు "అయిపోయింది అంకుల్" అంటాడు. అయిందో లేదో జాబితా వచ్చేదాకా మనకు తెలియదు.

మరి తప్పులు పట్టుకోవడం ఎలా? బుకింగు ఆఫీసులో ప్రతి షిఫ్టు ఆఖర్న టికెట్ల ముగింపు నంబర్లు రాసి, క్యాషుతో సరిచూసి, పుస్తకం మూసి ఇంకొకరికి అప్పజెప్పేవాళ్ళం. తప్పుంటే ఎనిమిది గంటల లోపల దొరికేది. సంవత్సరానికి ఒకసారి లెక్క చూస్తే ఏ దేవుడూ పట్టుకోలేడు. మంచి సాఫ్ట్‌వేరు జట్లు కూడా ఇదే చేస్తాయి. ఆర్నెల్లు దాచి ఒకేసారి బయటపెట్టవు. కొంచెం చేసి చూపిస్తాయి, వాడేవాళ్ళ చేత వాడిస్తాయి, దిద్దుకుని ముందుకెళ్తాయి. మనం పోయినేడు మొదటిసారి ఎప్పుడు చూశాం? జాబితా వచ్చిన రోజు.

ఇంకో మాట. రైల్వే కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో మొదలైనప్పుడు అందరూ యంత్రాన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. కానీ కోటాలు, రాయితీలు, వెయిటింగు లిస్టు ఎలా కదులుతుంది అనే రూళ్ళు సగం పుస్తకంలో, సగం క్లర్కుల బుర్రలో ఉండేవి. బుర్రలోది బయటికి తియ్యకుండా ఏ యంత్రమూ నడవదు. మన స్కాలర్‌షిప్పుల రూళ్ళు ఎవరి బుర్రలో ఉన్నాయి? మన ముసలివాళ్ళ బుర్రలో. పిల్లల పక్కన కూర్చుని చెప్పాల్సింది మనం. మనం రాత్రి పదింటికి ఫోను చేసి "ఎంతవరకొచ్చింది" అంటాం.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "ఊరికే వదిలేస్తే పిల్లలు చెయ్యరు, తేదీ అంటూ ఉండాలి కదా" అంటారు. నిజమే. తేదీ లేకపోతే బండి లేదు. టైంటేబులు మేమూ మొక్కే దేవుడే. పోయినేడు ఇద్దరు పిల్లలు ఒప్పుకున్న పని వారాల తరబడి చెయ్యలేదు, అదీ నిజమే. కానీ టైంటేబులు వేసేవాడు పట్టా ఎంత వేగం ఓర్చుకుంటుందో ముందు చూస్తాడు. రిపేరు జరిగే చోట నెమ్మదిగా పొమ్మని కాగితం రాసి డ్రైవరు చేతికిస్తాడు. ఆలస్యమైతే కారణం రాయిస్తాడు. మనం ఇవేవీ చెయ్యకుండా తేదీ ఒక్కటే ప్రకటించాం.

కాబట్టి ఆదివారం ఆ నాలుగు తీర్మానాలు పక్కనపెట్టి వీటి మీద ఓటు వెయ్యమని అడుగుతున్నాం.

1. రూళ్ళన్నీ పది రోజుల్లో కమిటీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. తరవాత మార్పుంటే ఒక్కరి ద్వారానే, వారానికి ఒక్కసారే చెప్పాలి.

2. అయిదుగురు అయిదుగురే ఉండాలి. వాళ్ళు అడిగితే తప్ప కొత్తవాళ్ళు వద్దు. రాత్రి ఫోన్లు బంద్. వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున, అయినంతవరకు చూపిస్తారు.

3. పోయినేటి దరఖాస్తులు ఇరవై తీసి, మేమూ ఇంకో ఇద్దరు రిటైరైనవాళ్ళూ చేత్తో లెక్క వేస్తాం. సాఫ్ట్‌వేరు లెక్కతో సరిపోతేనే జాబితా.

4. అయిదుగురిలో ఎవరు ఆపమన్నా జాబితా ఆగుతుంది. ఆపినందుకు ఎవరినీ ఒక్క మాట అనకూడదు, ఆపడం అనవసరమని తరవాత తేలినా సరే.

5. పోయినేటి జాబితా శాతంలో మళ్ళీ తీసి, అన్యాయమైన పిల్లలకు ఈ ఏడు నిధిలోంచి ముందు ఇవ్వాలి. ఆ హమాలీ అన్నకు వడ్డీతో సహా.

అయిదోది ఖర్చని కొందరంటారు. ఉగాది సభకు షామియానాకు, సన్మానాల శాలువాలకు ఎంతయిందో ఖజానాదారుగారు చెబితే సరిపోతుంది.

ఆఖరుగా, ఆ అమ్మాయికి. అమ్మా, నీ మాట గ్రూపులో అందరి ముందూ కొట్టేశాం కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలి. నువ్వు చెప్పింది సరైనది, మేము రాసింది తప్పు. ఆదివారం మీటింగుకు రా. మొదట నువ్వు మాట్లాడాలని అధ్యక్షులవారిని అడుగుతాం. మేము పొద్దున పదింటికే వచ్చి ముందు వరసలో కూర్చుంటాం, నువ్వు అయిపోయిందనేదాకా నోరెత్తం.